పేరు పోయి మళ్ళీ వచ్చిన ఊరు

పెళ్ళయ్యాక ఆడపిల్లకి ఇంటిపేరు మారడం మనకి మామూలే. నాకైతే అసలు పేరే మారింది. మా అత్తగారి పేరూ నా పేరూ ఒకటే. కన్నతల్లి పేరు పెట్టి భార్యని ఎలా పిలుస్తాడని, కుడికాలు పెట్టి లోపలికి వచ్చిన రోజే నాకు కొత్త పేరు పెట్టేశారు. పాత పేరుతో ఇప్పుడు పిలిచేది మా అమ్మ ఒక్కతే. అందుకేనేమో, ఫ్రాన్సులో తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు చూసిన ఓ ఊరి పేరు కథ నా మనసులో ఉండిపోయింది. మీకూ చెబుతాను వినండి.

మనం బడిలో 'మార్సెయిల్స్' అని చదువుకున్నాం, గుర్తుందా? నేనూ అలాగే అంటే మరదలు నవ్వి, "మార్సెయ్ అనాలి వదినా!" అంది. సముద్రం ఒడ్డున పెద్ద రేవు పట్నం అది. పాత రేవు దగ్గర పొద్దున్నే చేపలమ్ముతుంటారు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకు నావికులు ఇక్కడే దిగారని అక్కడ నేలలో పొదిగిన ఓ పలక మీద రాసి ఉంది. వాళ్ళు ఇప్పటి టర్కీ తీరంలోని ఫోకేయా నుంచి వచ్చారు.

దీనికో కథ కూడా ఉంది. వాళ్ళు వచ్చిన రోజే అక్కడి దొరగారి కూతురు జిప్టిస్ కి పెళ్ళి విందు. అచ్చం మన స్వయంవరమే అనుకోండి! తనకి నచ్చినవాడి చేతికి నీళ్ళగిన్నె అందించాలి. ఆ పిల్ల గ్రీకు అతిథి ప్రోటిస్ కి అందించిందట. మామగారు ఊరు కట్టుకోవడానికి చోటిచ్చాడట. అలా పుట్టిన ఊరికి గ్రీకులు పెట్టిన పేరు మస్సాలియా.

క్రీస్తుపూర్వం 49లో జూలియస్ సీజర్ సేన ఊరిని ముట్టడించి లొంగదీసుకుంది. రోమన్ల నోట అది మస్సిలియా. ఆ ప్రాంతపు ప్రోవెన్సాల్ భాషలో మార్సీయో. ఫ్రెంచిలో మార్సెయ్. వందల ఏళ్ళు జనం నోళ్ళలో నలిగి పేరు మారిందే గాని, పోలిక పోలేదు చూశారా!

ఒకసారి మాత్రం పేరే లాగేసుకున్నారు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో, ఈ ఊరి కుర్రాళ్ళు ఓ పాట పాడుకుంటూ పారిస్ కి నడిచి వెళ్ళారు. వాళ్ళ వల్లే ఆ పాటకి 'లా మార్సెయ్యేజ్' అని పేరొచ్చింది. ఇవాళ ఫ్రాన్సు జాతీయగీతం అదే. మరుసటేడు ఊరు పారిస్ ప్రభుత్వానికి ఎదురుతిరిగింది. సైన్యం వచ్చి అణిచేసింది. అంతటితో పోనివ్వలేదు. 1794 జనవరిలో శిక్షగా ఊరి పేరు తీసేసి, 'పేరులేని ఊరు' అని పిలవాలన్నారు! పాటకి పేరిచ్చిన ఊరికే పేరు లేకుండా చేశారన్నమాట. కానీ ఆ ముచ్చట కొద్ది వారాలే. పాత పేరు తిరిగి ఇచ్చేశారు.

వచ్చేటప్పుడు అక్కడి ఆలివ్ నూనె సబ్బులు తెచ్చాను. ఇటుక ముక్కల్లా ఉంటాయి, మీద ఊరి పేరు అచ్చు వేసి ఉంటుంది. అత్తగారికి ఒకటిచ్చి ఈ కథంతా చెప్పాను. ఆవిడ సబ్బు వాసన చూసి, "పోనీలే, నిన్ను మీ అమ్మ పిలుస్తోందిగా" అన్నారు.

నేనేమీ అనలేదు. ఈ వ్యాసం పంపిన కవరు మీద మాత్రం అమ్మ పెట్టిన పేరే రాశాను.