నంద్యాల దారిలో ఓ అపరాధ పరిశోధన

కోటలో దయ్యం ఎందుకు చంపుతుంది? డిటెక్టివ్ నవల్లో హంతకుడు ఎందుకు చంపుతాడు? ఈ రెండు ప్రశ్నలూ వెంటబెట్టుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళితే... సీమ గురించి ఇన్నాళ్లూ విన్న కథ ఇంకోలా వినిపిస్తుంది!

ఓ కుర్రాడు ఉద్యోగం పనిమీద దూరదేశం బయల్దేరతాడు. దారిలో బస చేసిన చోట తాను ఎవరి ఇంటికి వెళుతున్నదీ చెబుతాడు. అంతే... విన్నవాళ్ల ముఖాలు పాలిపోతాయి. పూటకూళ్లమ్మ కాళ్లావేళ్లా పడి వెళ్లొద్దంటుంది. వినకపోయేసరికి శిలువ తెచ్చి అతని మెడలో వేస్తుంది. ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాక్యులా’ నవల మొదలయ్యేది ఇలాగే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ‘రేపు ఆళ్లగడ్డ వెళుతున్నా’ అని చెప్పి చూడండి. ‘జాగ్రత్త సుమా’ అనేవాళ్లు ఒక్కరైనా ఉంటారు. ‘బాంబులు చుట్టే ఊరేగా’ అని నవ్వేవాళ్లు ఇంకొకరు. వాళ్లలో చాలామంది ఆ ఊరు చూసి ఉండరు. స్టోకరూ అంతే! ట్రాన్సిల్వేనియాలో ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. పుస్తకాలు చదివి కథ రాశాడు. నూట పాతికేళ్లు దాటినా ఆ ప్రాంతం పేరు చెబితే జనానికి రక్తం తాగే ప్రభువే గుర్తొస్తున్నాడు.

చూడని ఊరికి నెత్తుటి పేరు పెట్టడం కథలకు కొత్త కాదన్నమాట. ఆ పేరు మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లు మోయాలి. పిల్లనివ్వడానికి వెనకాడే సంబంధాల దగ్గరా, కాలేజీ హాస్టల్లో ‘ఏ ఊరు?’ అన్న ప్రశ్న దగ్గరా.

రక్తమా... లెక్కా?

హింస ఉన్న కథలు ప్రధానంగా రెండు రకాలు. పాత కోటలు, శాపాలు, ప్రేతాత్మలు ఉండే ‘గోథిక్’ కథలు ఒక రకం. ఇంగ్లిష్‌లో వీటికి 1764లో హొరేస్ వాల్పోల్ శ్రీకారం చుట్టాడు. రెండోది అపరాధ పరిశోధన. రెండింట్లోనూ శవాలుంటాయి. కానీ చంపేవాడి మనస్తత్వం పూర్తిగా వేరు.

ఆ తేడా తెలియాలంటే అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో ఒక్కడు చాలు. రెండు రకాలూ రాసిన ఘనుడాయన. 1843 నాటి ‘టెల్ టేల్ హార్ట్’ కథలో ఒకడు ముసలాయన్ను చంపుతాడు. డబ్బు కోసమా... కాదు. పగా... అదీ లేదు. పైగా ఆ ముసలాయనంటే ఇష్టమేనంటాడు. అతని కన్ను నచ్చలేదట! అదే పో అంతకు రెండేళ్ల ముందు, 1841లో రాసిన ‘మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్’లో పారిస్‌లో ఇద్దరు ఆడవాళ్లు దారుణంగా హతమవుతారు. దయ్యం పనే అనిపించే హత్యలవి. డ్యూపాన్ అనే పరిశోధకుడు ఆధారాలన్నీ పేర్చి చూస్తే తేలిందేమిటంటే... ఓ నావికుడి దగ్గర్నుంచి తప్పించుకున్న ఒరాంగుటాన్ కోతి!

గోథిక్ కథలో హింస స్వభావం. డ్రాక్యులాకు రక్తం ఆకలి, ఎంత తాగినా తీరదు. డిటెక్టివ్ కథలో హింస లెక్క. ఆస్తి, బీమా, పరువు, బ్లాక్‌మెయిల్... ఏదో ఒకటి ఉంటుంది. మొదటిదాంట్లో ‘వాడంతే’ అని పారిపోవాలి. రెండోదాంట్లో ‘ఎవరికి లాభం?’ అని అడగాలి.

తెలుగువాళ్లకు ఈ రెండూ బాగానే తెలుసు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో ఇంటిపేర్లు. యుగంధర్ దయ్యాన్ని నమ్మి ఊరుకోడు, కారణం వెతుకుతాడు. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చింది. చిన్నపిల్ల మీద చేతబడి. రాత్రిపూట చదవడానికి భయపడ్డవాళ్లెందరో! అయితే అందులోనూ క్షుద్రశక్తి వెనక ఉన్నది డబ్బు మీద ఆశే. ఆయుధం గోథిక్, ఉద్దేశం మాత్రం డిటెక్టివ్ నవలది.

నందుల ఊళ్లో...

ఇప్పుడు నంద్యాల. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. మధ్యలో కుందూ నది. చుట్టూ నవనందులు. ‘నందిమండలం’ నంద్యాల అయిందంటారు. గుంటూరు - గుంతకల్లు రైలు మార్గంలో ముఖ్యమైన స్టేషన్. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం. 1991లో ప్రధాని పి.వి.నరసింహారావును ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో లోక్‌సభకు పంపిన ఊరు.

ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం వయసు నూరేళ్లు దాటింది. అందులో పుట్టిన ఓ పత్తి రకం పేరు ‘నరసింహ’. విత్తనాలు, వరి, శనగ... మార్కెట్లో నడిచే మాటలన్నీ వీటి గురించే. కానీ 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’... వరసబెట్టి వచ్చిన సినిమాలు సీమ పేరు చెప్పగానే పత్తిచేను కనపడకుండా చేశాయి. సుమోలు, వేటకొడవళ్లు, తరతరాల పగ. అక్కడి మనిషి ఎందుకు చంపుతాడయ్యా అంటే... ‘అది వాళ్ల రక్తంలోనే ఉంది!’ అంటే గోథిక్ జవాబన్నమాట.

రాయి చెక్కే చేతులు

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా కడప దారి పడితే నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ. ఊళ్లోకి అడుగుపెట్టేవారికి వినిపించేది బాంబుల మోత కాదు, ఉలి చప్పుడు. రోడ్డు పక్క షెడ్లలో నందులు, ద్వారపాలకులు, అమ్మవార్లు, సగం చెక్కిన నాయకుల విగ్రహాలు. తెల్లటి రాతిపొడి మీద పడుతుంటే పొద్దస్తమానం కూర్చుని పనిచేసే శిల్పులు. ఇక్కడి దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో వెళతారు.

అలాగని ముఠా కక్షలు అబద్ధం కాదు. ఆళ్లగడ్డ ప్రాంతం వాటిని చూసింది. మగదిక్కు పోయిన ఇళ్లున్నాయి. అయితే ఆ కక్షలను యుగంధర్‌లా చదివితే రక్తం సంగతి పక్కకు పోతుంది. గట్టు తగాదా, కాలువ నీళ్లు, పంచాయతీ ఎన్నిక, సారా పాట, కాంట్రాక్టు... లాభం పొందేవాడొకడు, కత్తి పట్టేవాడొకడు. చచ్చేది, జైలుకెళ్లేది ఎప్పుడూ రెండోవాడే. శాపమైతే పెద్దింటికీ పేదింటికీ ఒకేలా తగలాలి కదా!

సినిమాలు చూపించిన సీమలో మరో తమాషా ఉంది. 2010 నాటి ‘మర్యాద రామన్న’లో గడప లోపల ఉన్నంతసేపు అతిథికి అన్నం పెడతారు, గడప దాటితే నరుకుతారు. చూసినవాళ్లంతా ‘అచ్చం సీమ పౌరుషం’ అనుకున్నారు. ఆ కథకు మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన అమెరికా మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’. దానికి ప్రేరణ అక్కడి కొండప్రాంతాల్లో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల మధ్య సాగిన పగ. అంటే ఆ గడప అమెరికా నుంచి వచ్చింది!

ఒక ఊరు... ఇద్దరు రెడ్లు

ఆళ్లగడ్డకు పడమట ఉయ్యాలవాడ. పాలెగార్ల హక్కులు పోయాక ఆ వంశం వాడైన నరసింహారెడ్డికి మిగిలింది నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం. దానికి తోడు ఈనాము భూములు లాగేసుకుంటున్నారన్న ఆగ్రహం. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తహసీల్దారు హతమయ్యాడు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీశారు. కథ అక్కడితో అయిపోలేదు. ఆయన తలను కోయిలకుంట్ల కోట బురుజుకు వేలాడదీశారు. ఒకటీ రెండూ కాదు, ముప్పై ఏళ్లు... 1877 దాకా!

తిరుగుబాటుకు కారణాలు కాగితాల మీదే ఉన్నాయి. భూమి, భరణం, పరువు. డిటెక్టివ్ వెతికే కారణాలే. బురుజుకు తల వేలాడే భయానక దృశ్యాన్ని కట్టింది మాత్రం సీమ రక్తం కాదు, చట్టం పేరు చెప్పుకున్న కంపెనీ సర్కారు!

అదే ఉయ్యాలవాడలో మరో పెద్దమనిషి... బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టి బతికించాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్నాడు. ఆయన మీద కట్టిన పాటలు సీమ జానపదుల నోళ్లలో నానాయి. ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఒకరు కత్తి పట్టారు, ఇంకొకరు గరిటె పట్టారు. గుణం మట్టిలోనే ఉంటే ఇదెలా కుదురుతుంది?

షెర్లాక్ హోమ్స్ ముందుకొచ్చిన చిక్కూ ఇదే. 1901లో ధారావాహికగా మొదలైన ‘హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’లో ఓ జమీందారీ వంశానికి నరకపు కుక్క శాపం ఉందని ఊరంతా నమ్ముతుంది. హోమ్స్ వచ్చి తేల్చేదేమిటంటే, ఆస్తి కోసం ఓ దాయాది కుక్కకు భాస్వరం పూసి వదిలాడని. ఆ హంతకుడిలో వంశ మూలపురుషుడి పోలికలున్నాయని రచయిత డాయల్ ఓ చిన్న మెలిక పెట్టాడు. కానీ హంతకుడు చంపాలనుకున్న హెన్రీదీ అదే రక్తం. అతను ఎవరినీ చంపలేదు.

శాపాన్ని నమ్మినన్నాళ్లూ దాయాదికి ఢోకా లేదు. ‘ఆ గడ్డ అంతే’ అన్నన్నాళ్లూ కత్తి పట్టించినవాడి జోలికి ఎవరూ వెళ్లరు. సీమకు అంటగట్టిన దయ్యం కథ చేసే అసలు నష్టం అదే.

పెళ్లి పిలుపు

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల అడవిలో అహోబిలం. హిరణ్యకశిపుడి కోసం స్తంభం చీల్చుకుని నరసింహుడు వచ్చిన చోటుగా చూపించే ఉగ్రస్తంభం ఇక్కడే. పేగులు మెడలో వేసుకున్న దేవుడు! ఏ గోథిక్ నవలలోనూ ఇంత భీకరమైన రూపం ఉండదేమో. అయితే ఈ కథ అక్కడ ఆగదు. ప్రహ్లాదుడు ముందుకొస్తే ఆ కోపం చల్లారుతుంది. మాలోల నరసింహుడు లక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. స్థానికుల కథలో చెంచు పిల్లను పెళ్లాడి చెంచులకు అల్లుడవుతాడు.

ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. దాదాపు నెలన్నరపాటు పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు స్వామి. ఎందుకో తెలుసా? తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికి!

సినిమాల్లో సుమోలు దుమ్మురేపుతూ తిరిగిన పల్లెల్లాంటివే అవి. ఈసారి ఎవరైనా ఆళ్లగడ్డ వెళుతున్నామంటే ‘జాగ్రత్త’ అనకండి. సంక్రాంతి తర్వాతైతే దారిలో పెళ్లి పిలుపు అందుతుందని చెప్పండి.