కల్మల రోడ్డున ఒక పూట

రాయచూరు నుంచి లింగసుగూరు రోడ్డున పోతే కల్మల వస్తుంది. అక్కడే మరో దారి చీలి, గబ్బూరు మీదుగా దేవదుర్గానికి పోతుంది. అంతా నల్లరేగడి. వానకు బంక, ఎండకు నెర్రెలు. తారురోడ్డు దిగితే నడుము సంగతి చెప్పనక్కరలేదు.

కిందటి వేసవిలో ఒక ఆదివారం నా మేనల్లుడు, తాను కొన్న పాత మట్టిదారుల పందెపు బండిని లగేజీ ఆటోలో ఎక్కించి, తెలిసినవారి బీడులో నడిపి చూద్దామని నన్నుకూడా వెంటబెట్టుకుపోయాడు. నాకు ఆఫీసు ఫైళ్ళు తప్ప యంత్రాలు తెలియవు. అయినా ప్రతి మిట్టకూ బండి వెనుకభాగం కప్పలా ఎగరడం కనబడుతూనే ఉంది. వెనుక షాక్ అబ్జార్బరు కడ్డీనిండా చమురు.

రోడ్డుపక్క రేకుల షెడ్డులో ఉన్న మెకానిక్కు దానిని విప్పుతూ నాకు బోధపరచాడు. బరువు మోసేది స్ప్రింగు; ఆ స్ప్రింగు ఊగులాటను ఆపేది లోపలి చమురు. పిస్టను సన్నని రంధ్రాలగుండా చమురు పోయేటప్పుడు కుదుపు వేడిగా మారుతుంది. చమురులో గాలి కలిస్తే చిలికిన మజ్జిగలా నురుగవుతుంది. నురుగుకు ఆపే శక్తి లేదు. అందుకని పక్కనున్న చిన్న డబ్బాలో, రబ్బరు తిత్తి వెనుక, చదరపు అంగుళానికి సుమారు 150 పౌన్ల ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు. మామూలు గాలిలో తేమ ఉంటుంది. వేడికి దాని ఒత్తిడి నిలకడగా ఉండదు. 1973లో స్వీడన్‌వాడైన హకన్ ఆండర్సన్ యమహా బండిమీద 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ విజేత అయినది ఇటువంటి ఒంటి షాక్ అబ్జార్బరుతోనే. దానిని రూపొందించినది లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు.

ఈ మాటల మధ్య మావాడు స్క్రూడ్రైవరు పుచ్చుకొని డబ్బా మూత పెకలించబోయాడు. ముఖం సరిగ్గా దాని ఎదుటే! మెకానిక్కు వాడి మణికట్టు గట్టిగా పట్టుకొని, "స్వల్ప తడ్రి!" అని కన్నడంలో కసిరాడు. కాస్త ఆగమని. తరువాత వాల్వును ఎవరూలేని దిక్కుకు తిప్పి, గుడ్డ కప్పి, లోపలి సూదిని నొక్కాడు. బుస్సుమన్నది. చప్పుడు పూర్తిగా ఆగిన తరువాతనే మూతను కొంచెం లోపలికి నెట్టి, సర్‌క్లిప్పు తీశాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ మూత వాడి కంట్లో ఉండేది. (మామూలు బండ్లకుండే గ్యాసు షాక్ అబ్జార్బర్లు చాలావరకు విప్పేందుకు చేసినవి కావు. వాటిని కోయడం, రంధ్రం వేయడం మరీ ప్రమాదమట.)

చమురు నల్లగా, నీళ్ళలా ఉంది. ఎండిన రేగడి రాసుకొని సీలు అంచు తెగింది. కడ్డీమీద గోరు గీచి చూచాడు, ఎక్కడా పట్టలేదు. పట్టి ఉంటే కొత్త సీలుకూడా తెగుతుందట. మావాడు సంచిలో తెచ్చుకున్న సీలే వేసి, కొత్త చమురు పోసి, బుడగలు ఆగేదాకా కడ్డీని మెల్లగా ఆడించాడు.

"గాలిపంపుతో కొట్టేయండి, ఈ పూటకు చాలు" అన్నాడు మావాడు.

మెకానిక్కు ఒప్పుకోలేదు. నైట్రోజన్ సిలిండరూ, ఒత్తిడి చూపే మీటరూ తన దగ్గర లేవనీ, అవి ఉన్నచోట నింపించేదాకా బండి ఎక్కవద్దనీ చెప్పి, చేసిన పనికి మాత్రమే డబ్బు తీసుకున్నాడు. అది మేము తరువాత హైదరాబాదులో నింపించాము.

ఆ రాత్రి ఇంట్లో వాడి మణికట్టుమీది గ్రీజు మరక చూచి, "ఏమిట్రా అది?" అన్నది మా అక్క. వాడు నా ముఖం చూచాడు. నేను పత్రిక తిరగేస్తూ కూర్చున్నాను.