సగము దున్నిన చేను

ప్రియ చదువరీ, నీవు దున్నుచున్న చేను సగములో నుండగానే ప్రభువు నిన్ను పిలిచినయెడల, మేడి ఎవరి చేతికిచ్చెదవు? ఈ ప్రశ్న మొదట నాకే తగిలినది. సిగ్గు విడిచి చెప్పుచున్నాను, వినుము.

నాది పుంగనూరు ప్రాంతము. యౌవనములో ఉపాధ్యాయుడనై కుప్పము దగ్గర నొక చిన్న పల్లెకు వచ్చితిని. నలువది యేండ్లకు పైగా అచ్చటి ప్రార్థనగది తాళపుచెవి నా యొద్దనే యుండెను. గంట కొట్టువాడను నేనే, వాక్యము చదువువాడను నేనే, కానుకల లెక్క వ్రాయువాడను నేనే. ఒక ఆదివారమున బడికి పోవు చిన్నది యొకతె, "తాతా, ఈ పొద్దు నేను చదవనా?" అని అడిగెను. "పెద్దోళ్లుండంగా నీకెందుకమ్మా?" అని కూర్చుండబెట్టితిని. అది దేవుని మందిరమందలి ఆసక్తి యనుకొంటిని.

పిమ్మట గుండె జబ్బు వచ్చి మదనపల్లె ఆసుపత్రిలో మూడు వారములు పడియుంటిని. నాలుగవ దినమున చొక్కా జేబు తడవగా తాళపుచెవి చేతికి తగిలెను. గది మూసియున్నది, చెవి నాతో వచ్చినది! "నేను చచ్చిన ఆ తలుపు ఎవరు తీయుదురు?" అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు, చిన్ననాడు మా తల్లి చెప్పిన చేంబర్లేన్ దొరగారి సంగతి జ్ఞాపకమునకు వచ్చెను.

జేకబ్ చేంబర్లేన్‌గారు 1835లో అమెరికాలో పుట్టిన వైద్యుడు, బోధకుడు. మన దేశమునకు వచ్చి, కొంతకాలము పలమనేరులో నుండి, 1863లో మదనపల్లెకు చేరెను. ఆ యేడే కొందరు స్వదేశ బోధకులతో కూడ హైదరాబాదు రాజ్యముగుండ గోదావరి అడవులవరకు ప్రయాణమై, సుమారు 1200 మైళ్లు తిరిగి సువార్త ప్రకటించెను. 1873 మొదలుకొని చాలకాలము తెలుగు బైబిలును సవరించు సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. వృద్ధాప్యములో దేహము బలహీనమైనను కలము విడువలేదు. 1908 మార్చి 2న మదనపల్లెలోనే కన్నుమూసెను. ఆయన వ్రాసిన చివరి గ్రంథము ఆ యేడే వెలువడినది.

ఆయన పని అంతయు ముగించి పోయెనా? లేదు. కాని ఆయనతో ఆ పని ఆగిపోయెనా? అదియు లేదు. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమున క్షయరోగుల ఆసుపత్రి తెరవబడినది. అనేక మిషనులు కలిసి స్థాపించిన దానికి డెన్మార్కు దేశస్థుడైన ఫ్రిమొట్ మొల్లరుగారు మొదటి అధికారి. అది నేటికిని రోగులను చేర్చుకొనుచున్నది. ఒకరు దున్నిరి, మరియొకరు విత్తిరి. బైబిలు సవరణ పనియు ఒక్కని చేతిది కాదు. అనేకులు కూర్చుండి, ఒకరు లేచిపోగా మరియొకరు ఆ చోట కూర్చుండి చేసినదే.

మోషే వాగ్దాన దేశమును కొండపైనుండి చూచెను గాని అడుగు పెట్టలేదు. అతడు యెహోషువమీద చేతులుంచెను. దావీదు మందిరము కట్టలేదు, కుమారునికి సామగ్రి కూర్చియిచ్చెను. నమ్మకముగా ముగించుట యనగా పని అంతయు ముగించుట కాదు. మన వంతు చేసి, మిగిలినది చేయగలవారిని సిద్ధపరచుట. ఈ సంగతి నాకు మంచముమీదనే తెలిసినది.

కుప్పము దిగి ఇల్లు చేరినప్పుడు నా భార్య చెప్పినది: మూడు ఆదివారములును సంఘము కానుగచెట్టు క్రింద కూడుకొనెనట. వాక్యము చదివినది ఆ చిన్నదేనట! ప్రియులారా, సంతోషింపవలసిన నాకు మొదట అసూయ కలిగెను. నేను లేకున్నను ప్రార్థన జరిగినదే యని మనస్సు నొచ్చెను. ఆ రాత్రి మోకాళ్లూని ఏడ్చితిని. మరుసటి ఆదివారము తాళపుచెవి ఆ బిడ్డ చేతిలో పెట్టి, "నన్ను క్షమించమ్మా, ఈ పొద్దు నువ్వే చదువు" అంటిని. "నువ్వు పక్కన కూకో తాతా, తప్పులు చెప్పు" అనెను. ఇప్పుడు నేను ప్రక్కన కూర్చుండువాడను. ఇంత సమాధానము ఆ నలువది యేండ్లలో నేనెరుగను.

చదువరీ, పొలము కాగితములు నీ బిడ్డల పేరిట వ్రాయించితివేమో, మంచిదే. నీ ప్రార్థన ఎవరికి నేర్పితివి? తీర్చని అప్పున్నయెడల తీర్చుము. మాటలాడని అన్నదమ్ముడున్నయెడల ఈ వారమే అతని గడప తొక్కుము. నీ జేబులో ఏ తాళపుచెవి యున్నదో తడవి చూచుకొనుము. దానిని ఆసుపత్రివరకు తీసికొనిపోకుము. నీవు ప్రక్కన కూర్చుండి తప్పులు దిద్దగల దినములలోనే ఇచ్చివేయుము. చేను మనది కాదు, ప్రభువుది. కోత వేళ దున్నినవాడును కోసినవాడును ఆయనయెదుట కలిసి సంతోషింతురు.