పట్టాల కింది సర్హద్

బెల్జియం, జర్మనీల మధ్య వెన్‌బాన్ అని ఒక రైలుదారి ఉండేది. మొదటి ప్రపంచ జంగ్‌లో జర్మనీ ఓడిపోయి, 1919లో వెర్సాయ్ ఒప్పందం అయినాక ఆ పట్టాల జమీన్ బెల్జియం చేతికి పోయింది. పట్టాలకు అవతల ఉన్న కొన్ని పల్లెలు మాత్రం జర్మనీవిగానే మిగిలాయి. చుట్టూ బెల్జియం, నడుమ దీవుల్లాగ జర్మనీ ముక్కలు. అందులో రూక్‌ష్లాగ్ అనేది ఒక్క ఇల్లు, దాని తోట, అంతే! ఇప్పుడు పట్టాలు తీసేసి సైకిళ్ల బాట వేశారు. సర్హద్ మాత్రం అట్లనే ఉంది.

అజీబ్‌గా అనిపిస్తది గానీ, మన దగ్గరా ఇట్లాంటి కిస్సా ఒకటి నడిచింది. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు వచ్చిన రైలు, 1889కల్లా మన వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. నేల నిజాంది. పట్టాల వెంట దీవానీ, ఫౌజ్‌దారీ ఇఖ్తియార్ మాత్రం అంగ్రేజులది. ప్లాట్‌ఫాం మీద జేబు కొడితే ఒక కానూన్, గేటు దాటి బజార్ల కొడితే ఇంకో కానూన్. ఉర్దూ మీడియం బడిలో మా తారీఖ్ పాఠం ‘హుజూర్ రేల్ వేయించారు’ అన్నకాడికే ఆగింది, ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాం రియాయాను, సిమ్లా మేజిస్ట్రేటు వారంటుతో, నిజాం రైల్వే స్టేషన్‌లో గిరఫ్తార్ చేశారు. స్టేషన్ మాదే కదా అనుకున్నారు అంగ్రేజులు. ముకద్దమా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1897లో ఫైసలా వచ్చింది: పట్టాల కింది జమీన్ నిజాం ముల్కే. అంగ్రేజులకు ఇచ్చిన ఇఖ్తియార్ రైల్వే పనుల వరకే. సిమ్లాలో జరిగిందన్న జుర్ముకూ ఈ రైల్వేకూ తాల్లూక్ లేదు, కాబట్టి ఆ గిరఫ్తారీ చెల్లదు.

ఇది విని కొందరు బుజుర్గులు నిజాం షాన్ అని మురుస్తారు. నేను మురవను. వెట్టి చేసిన రైతుకు పట్టాల ఏ పక్కనున్నా ఒకటే బతుకు. నన్ను పట్టుకున్నది యూసుఫుద్దీన్ సంగతి. కాళ్ల కింది నేల ఎవరిదో తేలితే తప్ప ఆయనకు ఇన్సాఫ్ దొరకలేదు.

1930లో నిజాం సర్కారు ఆ రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. ఇప్పుడది భారత రైల్వే, నాది అందులో పాసింజర్ బతుకు. మొన్న సికింద్రాబాద్ నుంచి వస్తుంటే ఎదురు సీటు పెద్దాయన నా పేరు విని, ‘మీది అసలు ఎక్కడ?’ అన్నాడు.

‘వరంగల్.’

‘అంతకు ముందు?’

‘అంతకు ముందూ వరంగలే, సాబ్. మా దాదా ఖబర్ కూడా ఇక్కడే.’

ఆయన కిటికీ వైపు తిరిగిండు. కాజీపేట వచ్చింది, నేను దిగిపోయిన.