మిషన్ యాత్రకు టికెట్టు కొనేముందు

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు మొదటి నెలలోనే అలవాటైపోయే సంగతి ఒకటుంది. కూరగాయల కొట్లోనో, బస్సులోనో ఇద్దరు ముగ్గురు చేతులతో జోరుగా మాట్లాడుకుంటూ, పడీపడీ నవ్వుకుంటూ కనిపిస్తారు. ఎవరూ తిరిగి చూడరు. బధిరుల కోసం 1965లో అమెరికా చట్టం చేసి పెట్టిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఇక్కడే ఉంది. 1968లో మొదటి విద్యార్థులు చేరారు. చదువుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉద్యోగాలు చూసుకుని స్థిరపడ్డారు. మేం వెళ్లే చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఒకామె పక్కన నిలబడి దాన్ని సైగల్లో చెబుతూ ఉంటుంది.

ఆ చర్చివాళ్లు క్రిస్మస్ సెలవులకు మా పొన్నూరు వైపు ఉన్న ఒక బధిర విద్యార్థుల హాస్టలుకు మిషన్ యాత్ర పెట్టుకున్నారు. ఊరు మాది కాబట్టి వెంటబెట్టుకు వెళ్లే పని నామీద పడింది. బృందంలో ఇద్దరు బధిరులు. మిగిలినవాళ్లలో కొందరికి అమెరికా సంజ్ఞా భాష బాగానే వచ్చు.

తెల్లవాళ్లు సేవకు రావడం మా ప్రాంతానికి కొత్త కాదు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను వైద్యం కోసమని మిషన్ పంపలేదు. ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి పంపింది. ఆవిడ చదువు చెబుతూనే మందులిచ్చింది, ఆస్పత్రి కట్టించింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. పొన్నూరును ఆనుకుని ఉన్న నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీవాళ్ల ఇవాంజెలిన్ బూత్ ఆస్పత్రి ఉంది. ఈ వచ్చినవాళ్ల మంచిచెడ్డల మీద వాదనలు ఎన్నయినా ఉండొచ్చు. ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. వాళ్లు ముందు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, ఆ తర్వాత ఏళ్లతరబడి ఇక్కడే ఉన్నారు. ఇప్పటి మిషన్ యాత్రలకు ఆ వ్యవధి లేదు. ఆఫీసులో ఎన్ని రోజులు సెలవు దొరికితే అన్ని రోజులే సేవ.

పైగా ఇప్పటి నిబంధనలు వేరు. మనదేశానికి పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయకూడదు. జీతం భత్యం లేకుండా నెలకు మించని స్వచ్ఛంద సేవ మాత్రం ఇ-టూరిస్ట్ వీసాతో చేయవచ్చు. ఓసీఐ కార్డు ఉన్న మనవాళ్లు కూడా మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. సొంత ఊరే కదా అని చాలామంది దీన్ని పట్టించుకోరు. మా బృందం బయల్దేరే ముందే తేల్చుకుంది: ప్రసంగాలు, కరపత్రాలు ఉండవు. లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు, ఆటలు, అంతవరకే.

తెనాలి దాటాక కోతలయిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. హాస్టలు పిల్లలు గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు. మావాళ్లు చేతులెత్తి పలకరించారు. పిల్లలూ చేతులెత్తారు. అంతే, మాట అక్కడే ఆగిపోయింది. సైగల భాష ప్రపంచమంతా ఒకటే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అమెరికా సంజ్ఞా భాషకు మూలం ఫ్రాన్సుది. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి పెట్టినప్పుడు లోరాన్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుడు పారిస్ నుంచి తెచ్చాడు. అందులో ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒంటిచేత్తో చూపిస్తారు. మన పిల్లలు బ్రిటిష్ పద్ధతిలో రెండు చేతులూ వాడతారు. నా తెలుగు వంటమనిషితోనూ వార్డెన్‌గారితోనూ మాట్లాడటానికి పనికొచ్చింది. పిల్లల దగ్గర నేనూ విదేశీయుణ్ణే.

దారి చూపించింది మా బృందంలోని బధిరులిద్దరూ. వినబడేవాళ్లతో ఎలాగోలా నెట్టుకురావడం వాళ్లకు చిన్నప్పటినుంచీ అలవాటు. ముఖం, భుజాలు, నేలమీద గీసిన బొమ్మలు, అన్నిటినీ వాడి సాయంత్రానికల్లా పిల్లలతో కలిసిపోయారు. పిల్లల ప్రశ్నలు వరస కట్టాయి. ఉద్యోగం ఉందా? పెళ్లయిందా? పుట్టిన పిల్లలకు వినబడుతుందా? కారు నువ్వే నడుపుతావా? అవునన్నాడు వాళ్లలో ఒకాయన. ఒకడు నమ్మలేదు, ఫోనులో ఫొటో చూపించాల్సి వచ్చింది. పరీక్ష నెగ్గితే బధిరులకూ లైసెన్సు ఇవ్వవచ్చని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పిన సంగతి ఆ హాస్టల్లో ఎవరికీ తెలియదు. చదువుకుని, సంపాదించుకుంటూ, ఇల్లు నడుపుకుంటున్న బధిరుణ్ణి అంత దగ్గరగా చూడటం వాళ్లలో చాలామందికి అదే మొదలు. మేం పెట్టెల్లో మోసుకెళ్లిన రంగుపెన్సిళ్లు, బంతులు, టీషర్టులు అన్నీ ఒకెత్తు, ఆ సాయంత్రం ఒకెత్తు.

ఒక ఆదివారం రేపల్లె వైపు నుంచి ఓ తల్లి కొడుకుని చూసుకోవడానికి వచ్చింది. "బళ్లో బాగానే నవ్వుతాడంటండీ, ఇంటికొస్తేనే నవ్వడు" అంది. అమెరికా లెక్కల్లో బధిర పిల్లల్లో తొంభై శాతానికి పైగా వినబడే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో ఎవరికీ సైగలు రావు. సంక్రాంతికి చుట్టాలందరి మధ్యా కూర్చుని అరిసెలు తింటూ ఒక్క మాటా అందక గడిపే పిల్లాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. దీనికి పెద్దల తప్పుడు తీర్మానాలూ తోడయ్యాయి. 1880లో మిలాన్‌లో జరిగిన సభ సైగలు మాన్పించి పెదవుల చదువు, నోటిమాట మాత్రమే నేర్పాలని తీర్మానించింది. చాలా దేశాల్లో బధిరుల బడుల్లో పిల్లల చేతులు కట్టేశారు. ఆ సభల పరంపరలోనే 2010లో వాంకూవర్‌లో కూడినవాళ్లు దానికి విచారం ప్రకటించారు. అప్పటికి 130 ఏళ్లు గడిచిపోయాయి.

మిషన్ చరిత్రలో నాకు నచ్చిన మనిషి ఆండ్రూ ఫాస్టర్. అలబామాలో పుట్టిన నల్లజాతీయుడు, బాల్యంలోనే వినికిడి పోయింది. వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గాలడెట్ కళాశాల నుంచి 1954లో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1957లో ఘనాలో బధిరులకు బడి తెరిచాడు. 1987లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆఫ్రికా దేశాల్లో ముప్పైకి పైగా బడులు పెట్టాడు. ఆయన దగ్గర చదువుకున్న బధిరులే తర్వాత మాస్టార్లయ్యారు, పాస్టర్లయ్యారు. ఆయన తీసుకెళ్లిన అమెరికా సైగలు కొన్నిచోట్ల స్థానిక సైగలను పక్కకు నెట్టేశాయన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా ఒక బడి నిలబెట్టి, దాన్ని నడిపే మనుషులను ఆ ఊరివాళ్లలోంచే తయారుచేసి ఇంకో ఊరు వెళ్లడం ఆయన పద్ధతి. మా యాత్రల్లో లేనిది అదే.

వార్డెన్‌గారు మర్యాదగానే అన్నారు: "మీరొచ్చినందుకు సంతోషమేనండీ. వెళ్లాక వారం రోజులు పిల్లలు గేటు దగ్గరే ఉంటారు." పోయినేడాది వచ్చిన బృందం గోడలకు రంగులేసి, ఫొటోలు దిగి వెళ్లిందట. ఆ రంగు వేసే పని ఊళ్లో కూలికి ఎదురుచూస్తున్నవాళ్లూ చేస్తారు. ఆ పిల్లలకు ఏడాది పొడుగునా కావలసిన మనిషి సైగల భాష బాగా వచ్చిన మాస్టారు, వీలైతే తనూ బధిరుడే. అలాంటివాళ్ల కోసం దూరం పోనక్కర్లేదు. బాపట్లలో ప్రభుత్వమే బధిరులకు ఆశ్రమ పాఠశాల, కళాశాల నడుపుతోంది. అక్కడ చదువు పూర్తిచేసి పని వెతుక్కుంటున్నవాళ్లు ఉంటారు.

విదేశాల్లోని తెలుగు చర్చిలకు, సంఘాలకు నా విన్నపం ఇది. వెళ్లండి, కానీ బృందంలో బధిరులు లేకుండా వెళ్లకండి. వెళ్లేముందు ఆర్నెల్లు భారతీయ సంజ్ఞా భాష నేర్చుకోండి. ఆ భాష కోసమే 2015లో ఢిల్లీలో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ పదివేల పదాల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా పెట్టింది. డబ్బు పంపేటప్పుడు చట్టం చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్లు ఇచ్చేది, చర్చి ఇచ్చేది వస్తుంది. దాన్ని విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే తీసుకోవాలి.

ఒక్కరి రానుపోను టికెట్టు లక్ష రూపాయల పైమాటే. వచ్చే డిసెంబరుకు టికెట్లు కొనేముందు, మీరు వెళ్లబోయే హాస్టల్లో సైగల భాష వచ్చిన మాస్టారు ఉన్నారా, ఆయనకు జీతం ఎవరిస్తున్నారు అని కనుక్కోండి. ఎవరూ ఇవ్వడం లేదంటే బృందంలో ఇద్దరు తగ్గండి, ఆ డబ్బుతో ముందు మాస్టారిని పెట్టించండి.