చలికి దిగే ముందు

పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్‌లో మా వదిన వాళ్ల గ్యారేజీలో కారుకు చోటు లేదు. ఒక గోడ వారగా పెద్ద స్టీలు పాత్రలు, మాల్టు సంచులు. ఇంకో పక్క, చల్లదనం అటూ ఇటూ కాకుండా కాపు కాసే కంట్రోలరు తగిలించిన పాత ఫ్రీజరు. వదిన ఉస్మానియాలో మైక్రోబయాలజీ చదివింది. ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ, సెలవుల్లో ఇంట్లోనే బీరు కాస్తుంది. అమెరికాలో దీనికి అనుమతి ఉంది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 750 లీటర్లు, పన్ను కట్టకుండా సొంతానికి చేసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం లేదు.

ఆదివారం కాచబోయేది చెక్ తరహా పిల్సనర్, అంటే చలిలో పులిసే లాగర్ రకం బీరు. నేను గురువారం సాయంత్రమే చేరుకున్నాను. లాగర్ తలరాత పొయ్యి వెలిగించిన రోజున కాదు, అంతకు ముందు ఈస్టును పెంచే రోజుల్లోనే ఖాయమవుతుందని వదిన ఫోనులో చెబుతూ వచ్చింది. ఆ పెంపకం చూడాలనే వెళ్లాను.

ముందు కాగితం మీద లెక్క వేసి చూపించింది. మాల్టు నుంచి తీసిన తియ్యటి రసాన్ని వర్టు అంటారు. ప్రతి మిల్లీలీటరు వర్టుకు, దాని చిక్కదనంలో ఒక్కో ప్లేటో డిగ్రీకి, లాగర్ అయితే 15 లక్షల ఈస్టు కణాలు కావాలి. 12 డిగ్రీల వర్టు 20 లీటర్లకు 36 వేల కోట్లు. కొన్న ప్యాకెట్లో, అదీ తాజాదైతే, ఉండేది దాదాపు 10 వేల కోట్లు. ఏల్ రకం బీరుకు ఇందులో సగం చాలు. అది 20 డిగ్రీల వెచ్చదనంలో పులుస్తుంది కాబట్టి ఈస్టు చకచకా పెరిగి లోటు పూడ్చుకుంటుంది. లాగర్ పులిసేది 10 డిగ్రీల దగ్గర. ఆ చలిలో కొద్దిమందిని దింపితే పని నత్తనడకన మొదలవుతుంది. ఈలోగా వేరే సూక్ష్మజీవులు చొరబడొచ్చు. డయాసిటైల్ మిగిలిపోయి బీరుకు వెన్న వాసన అంటుకోవచ్చు.

"మిర్యాలగూడలో మా నాన్న నారు పోసేది ఎందుకు? చిన్న మడిలో కనిపెట్టుకుని పెంచి, తర్వాతే పొలంలో నాటుతారు. ఇదీ అంతే" అంది వదిన.

ప్యాకెట్ ఊరికి దగ్గరదే. కొలంబియా నది వెంబడి గంటకు పైగా తూర్పుకు వెళ్తే వచ్చే హుడ్ రివర్ ప్రాంతంలోని వైయీస్ట్ సంస్థ చేసింది. లోపల పోషకాలున్న చిన్న సంచి ఉంటుంది. వదిన నా చేతికిచ్చి కొట్టమంది. అరచేత్తో గట్టిగా చరిస్తే లోపలి సంచి చిట్లింది. కాసేపటికి ప్యాకెట్ ఉబ్బడం మొదలైంది, ఈస్టు బతికే ఉందని తెలిసేలా.

రెండు లీటర్ల నీళ్లలో 200 గ్రాముల మాల్టు పొడి కలిపి పదిహేను నిమిషాలు మరిగించింది. ఇంతకంటే చిక్కగా చేయకూడదట. తీపి ఎక్కువైతే కణాల మీద ఒత్తిడి పడుతుంది. ఇక్కడ కావలసింది సంతతి, మత్తు కాదు. మంచునీళ్లలో చల్లార్చి, శుద్ధి చేసిన ఐదు లీటర్ల గాజు ఫ్లాస్కులో పోసి ఈస్టు కలిపింది. మూతికి అల్యూమినియం రేకు వదులుగా చుట్టింది. గాలి లోపలికి వెళ్లాలి, దుమ్ము పడకూడదు. ఫ్లాస్కు అడుగున చిన్న అయస్కాంతపు కడ్డీ, దాన్ని కింద నుంచి తిప్పే పీట. ఆ తిప్పుడుకి ఆక్సిజన్ అందుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, కణాలు అడుక్కి చేరవు. గ్రాము పొడికి సుమారు 140 కోట్ల కొత్త కణాలు పుడతాయని ఇంటి బ్రూవర్ల అంచనా. 200 గ్రాములకు 28 వేల కోట్లు. ప్యాకెట్లోవి కలిపితే లెక్క సరిపోయింది.

చలిలో పనిచేయాల్సిన దాన్ని గది వేడిలో ఎందుకు పెంచుతున్నావని అడిగాను. వెచ్చగా ఉంటే పెరుగుదల వేగం, ఆ ద్రవం రుచితో మనకు పని లేదు, పారబోసేదే కదా అంది.

ఫ్లాస్కు తిరుగుతుండగా మాటలు కోపెన్‌హాగెన్‌కు మళ్లాయి. కార్ల్స్‌బర్గ్ స్థాపకుడు జాకబ్సెన్ 1845లో మ్యూనిక్ నుంచి లాగర్ ఈస్టును గుర్రపు బండిలో తెస్తూ, మజిలీ మజిలీకీ డబ్బాల మీద చన్నీళ్లు పోశాడని చెప్పుకుంటారు. 1883లో ఆయన ప్రయోగశాలలోనే ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన లాగర్ ఈస్టును పెంచాడు. జాకబ్సెన్ దాన్ని దాచుకోలేదు, అడిగిన బ్రూవరీలకు ఇచ్చేశాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఆ ఇవ్వడమే. ఇక ఈ ఈస్టుకు చలిని ఓర్చే గుణం ఎక్కడిదంటే, అది రెండు జాతుల సంకరం. చలిని తట్టుకునే రెండో తల్లి జాతి 2011లో గానీ వెలుగులోకి రాలేదు, పటగోనియా అడవుల్లో బీచ్ చెట్ల కాయల్లాంటి బుడిపెల మీద.

శనివారం పొద్దుటికి ఫ్లాస్కు మీగడ రంగుకు తిరిగి రొట్టె వాసన వేసింది. వదిన ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాటికి ఈస్టంతా అడుగున తెల్లటి పొరగా పేరుకుంది. పైన తేరిన ద్రవాన్ని సింకులో వంపబోతుంటే ఒక చెంచాడు రుచి చూశాను. పలచగా, కాస్త పుల్లగా, బీరు ఛాయలేమీ లేకుండా ఉంది. ఆ పారబోత తప్పదు. రెండు లీటర్ల ఈ చప్పిడి నీళ్లు పిల్సనర్‌లో కలిస్తే ఆ నాజూకు రుచిలో దాక్కోలేవు.

ఆ రోజే కాచి 9 డిగ్రీలకు చల్లార్చిన వర్టులోకి సాయంత్రం ఆక్సిజన్ ఎక్కించి, ఆ పొరను కదిపి పోసింది. పులియడం ముగిసే వేళ డయాసిటైల్‌ను ఈస్టే తినేసేలా రెండు మూడు రోజులు 17 డిగ్రీలకు పెంచుతుంది. ఆ తర్వాత సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిలవ. పులిసిన పాత్ర అడుగున చేరే ఈస్టును వచ్చే నెల కాచబోయే డుంకెల్ అనే ముదురు రంగు లాగర్‌కు వాడుతుందట. దానికి ఇలా ఫ్లాస్కులో ముందుగా పెంచక్కర్లేదు, అప్పటికి కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. మిగిలింది, అడిగితే, పక్కింటి బ్రూవర్‌కు ఒక సీసాడు.