డిస్కు పేరును నమ్మొద్దు
లినక్స్ సర్వరుకు సాస్ కేబుళ్లతో డిస్కు పెట్టెలను ఒకదాని వెనుక ఒకటి తగిలిస్తూ పోతే, ఎస్‌డీఏ నుంచి ఎస్‌డీజెడ్ దాకా 26 పేర్లూ అయిపోయి ఎస్‌డీఏఏ మొదలవుతుంది. కెర్నెల్‌కు డిస్కులు కనబడిన వరసే ఈ పేర్లకు ఆధారం. రీబూట్‌లో ఒక పెట్టె ఆలస్యమైందా, నిన్నటి ఎస్‌డీఎఫ్ ఇవాళ వేరే డిస్కు కావచ్చు.

ప్రమాదం అక్కడే. చెడిందనుకుని మంచి డిస్కును లాగేస్తే, ఇప్పటికే ఒకటి పోయిన రెయిడ్-5 అక్కడికక్కడే కుప్పకూలుతుంది.

ఒకే డిస్కుకు రెండు దారులుండే మల్టీపాత్‌లో ఆ డిస్కు రెండు పేర్లతో కనబడుతుంది. కంగారు అక్కర్లేదు, రెండింటికీ డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే గుర్తింపు నంబరు ఒక్కటే. తయారీలోనే పడిన ఆ నంబరు రీబూట్‌తో మారదు. అందుకే అనుభవమున్న అడ్మిన్లు అలాంటి మారని గుర్తింపులతో ఏర్పడే బై-ఐడీ పేర్లే వాడతారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లోనైతే ఏ పెట్టె, ఏ గడి అన్నదాన్నే పేరుగా పెట్టుకోవచ్చు. ఎంత మంచి సదుపాయమో!

డిస్కు పీకేముందు లెడ్‌సీటీఎల్ ఆదేశంతో ఆ గడి లైటు వెలిగిస్తారు. పీకాక లేబుల్ మీది సీరియల్ నంబరు సరిచూస్తారు.